తోడల్లుడి షుగర్ రిపోర్టు

నా తెలివితక్కువతనానికి చెరగని రికార్డు ఒకటుంది. అనంతపురంలో నేను పనిచేసే ఆసుపత్రిలో రోగుల రిపోర్టులు బ్లాక్‌చెయిన్‌లో పెట్టారు. ఎవరు తెరిచినా ఆ పేరు శాశ్వతంగా నిలిచిపోతుంది, రోగి ఫోన్‌కు మెసేజ్ వెళ్తుంది. రోజూ రోగులకు ఈ సంగతి వివరించేది నేనే.

గోరంట్లలో మా అత్తగారు పెద్దల్లుడికి మాత్రం తియ్యటి ఓళిగల మీద నెయ్యి ధారగా పోస్తుంది. నాకు చెంచాతో చిలకరింపు. కడుపు మండి, ఆయనకు షుగరుంటే బాగుండునని, మా ఆసుపత్రిలోనే ఉన్న ఆయన రిపోర్టు తెరిచాను. లేదు!

ఆదివారం భోజనాల దగ్గర ఆయన అందరికీ ఫోన్ చూపించాడు.

"ఏమప్పా, నా రిపోర్టుతో నీకేం పని?"

అత్తగారి గరిట ఆగింది. నేను నోట్లో ముద్ద గబగబా మింగేశాను.

"నీకు షుగర్ యాడ వస్తాదోనని భయమన్నా."

"ఎంత ప్రేముండాదో సూడు!" అని అత్తగారు మురిసిపోయింది.

"రాకముందే జాగ్రత్త పడల్ల గదత్తా" అంటూ, ఆయన విస్తరిలోని ఓళిగను నా విస్తరిలోకి లాక్కున్నాను. నెయ్యితో సహా.