తాగే మందు, పూసే మందు

నేను కడపలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని. జపాన్‌లో ముసలివాళ్లను చూసుకునే ఉద్యోగానికి పోవాలని రెండేళ్ల కిందట జపనీస్ క్లాసులో చేరాను.

"ముందు అక్షరాలు దిద్దమ్మా" అని మా సారు రోజూ మొత్తుకునేవారు.

"మాట్లాడేది వస్తే చాల్లే సార్, అక్షరాలు ఆడికి పోయినాక నేర్చుకుంటా" అనేసి, జపనీస్ మాటలన్నీ తెలుగు లిపిలో రాసుకుని బట్టీపట్టాను. మూడు నోటుపుస్తకాలు నిండాయి.

ఇంటర్వ్యూ కంప్యూటర్‌లో జరిగింది. అడిగినవన్నీ గడగడా చెప్పేశాను. అవతలి ఆవిడ మెచ్చుకోలుగా తలూపింది. తర్వాత రెండు సీసాలు కెమెరాకు దగ్గరగా పెట్టి, "వీటిలో అవ్వకు తాగించే మందు ఏది?" అని జపనీస్‌లోనే అడిగింది. ప్రశ్న బాగానే అర్థమైంది. సీసాల మీద రాసినదాంట్లో మాత్రం ఒక్క అక్షరం కూడా తెలియలేదు. తోచినట్టు ఎడమ పక్క సీసా అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. "అది పుండ్లు కడిగే మందు" అని మెల్లగా చెప్పి, నా కాగితాలు పక్కన పెట్టేసింది.

కొత్తగా జపనీస్ మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ముందు అక్షరాలు దిద్దండి.

ఇంటర్వ్యూ అయిన మరుసటి రోజు వార్డులో రాయచోటి అవ్వ ఒకామె సీసా చూపించి, "ఇది తాగేదా, పూసుకునేదామ్మా?" అని అడిగింది. అంతకుముందు అలా అడిగినవాళ్లను "దానిమీద రాసిండాది కదా!" అని ఎన్నిసార్లు కసిరానో. ఆ రోజు పక్కన కూర్చుని రెండుసార్లు చెప్పాను.

"సదువుకున్న బిడ్డవి. మా బాధ నీకు యాడ తెలుస్తాదిలే" అంది అవ్వ.