మావయ్య లివరూ, మంచినీళ్ల పురుగూ

పోయిన నెల మా మావయ్య పోయాడని ఫోను వచ్చేసరికి నేను ఉక్కునగరంలో బీ షిఫ్టుకి తయారవుతున్నాను. కబురు చెప్పిన మా తమ్ముడు చివర్లో గొంతు తగ్గించి, "లివరంట" అన్నాడు. మావయ్య ఉండి ఉంటే, గొంతు తగ్గించినందుకే వాణ్ణి నిలబెట్టి పాఠం చెప్పేవాడు. అందుకని ఆయన తరఫున మీకు ముందే చెప్పేస్తున్నాను. ఆయన తాగేవాడు కాదు.

నవ్వుతున్నారా? మా ఊరూ అలాగే నవ్వింది.

మాది భీమిలి దగ్గర సముద్రాన్ని నమ్ముకున్న కుటుంబం. మా అమ్మకి అన్న అయిన మావయ్య కుర్రతనంలోనే వేట మానేసి సరుకు ఓడలో కళాసీగా చేరాడు. ఒకసారి ఆఫ్రికాలో ఏదో రేవులో ఓడ పాడై ఆగిపోతే, బాగయ్యేదాకా దగ్గర్లోని కాలవలో స్నానాలు చేశాడు. ఆ నీళ్లలో నత్తల్లోంచి పుట్టుకొచ్చే కంటికి కనపడని పురుగులుంటాయనీ, అవి చర్మంలోంచి ఒంట్లోకి దూరతాయనీ ఆయనకేం తెలుసు? "ఒరే అల్లుడూ, అంత సముద్రం నన్నేటీ సెయ్నేదురా. మోకాల్లోతు మంచినీళ్లు ముంచేసాయి" అనేవాడు తర్వాత.

ఆ తర్వాతంటే చాలా ఏళ్లకి. తొంభైల చివర్లో, ఓడ పని మానేశాక, పొట్ట ఉబ్బి, ఓ రోజు రక్తం కక్కుకున్నాడు. విశాఖలో పెద్ద డాక్టరుగారు కడుపు నొక్కి చూసి, "ఎన్నేళ్ల నుంచి తాగుతున్నావ్?" అని అడిగారు.

"నాను సుక్క ముట్నేదు బాబూ."

"అందరూ ఇదే మాట" అని డాక్టరుగారు నవ్వారు.

అదైనా సహించేవాడేమో. బయటికొచ్చాక అత్త, "ఓడ మీద ఏటి సేసేడో ఎవుడు సూసొచ్చేడు?" అంది. రక్తం కక్కినప్పుడు చెక్కు చెదరని మనిషి, తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. ఓడలో తిరిగినవాడు, పైగా లివరు. నిప్పు లేనిదే పొగ రాదని ఊరంతా తీర్పు చెప్పేసింది.

ఇంకో ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మగారు మాత్రం, "ఏయే దేశాలు తిరిగారు? అక్కడ చెరువుల్లో, కాలవల్లో దిగారా?" అని అడిగారు. పరీక్ష చేస్తే పురుగు గుడ్లు కనిపించాయి. ఒంట్లో పురుగులున్నాయంటే సంబరపడిన మనిషిని ఆయన్నొక్కణ్ణే చూశాను. "ఇనుకున్నావేటే? పురుగే!" అని ఆసుపత్రి మొత్తానికి వినపడేలా అత్తకి చెప్పాడు.

"ముందు అన్నం తిను" అంది అత్త.

అక్కణ్ణించి ప్రచారం మొదలైంది. ఒడ్డున ఎవరు దొరికితే వాళ్లని కూర్చోబెట్టి, ఇసుకలో గుల్ల ఒకటి పెట్టి, దాని చుట్టూ తడి ఇసుకతో గోడలు కట్టేవాడు. "ఇదీ పురుగెట్టిన గుడ్డు. రకతంలో కొట్టుకొచ్చి లివర్లో ఇరుక్కుంది. మన ఒంట్లో కాపలావోళ్లుంటారు గదా, ఆళ్లు పరిగెట్టుకొచ్చి దీని సుట్టూ గోడ కట్టేత్తారు. మంచికే, గుడ్డులో ఇసం బయటికి రాకండా. గానీ ఆళ్లకి ఆపడం తెల్దు. గోడ మీద గోడ. లివరంతా మచ్చలు కట్టి బిగిసిపోద్ది. రకతానికి దారుండదు. దారి నేని రకతం పైకెగదన్ని నోట్లోంచొచ్చింది." పాఠం అయ్యేసరికి వినేవాడికి కాళ్లు చాపుకునే చోటు మిగిలేది కాదు.

సెలూన్‌లో ఒకడు అంతా శ్రద్ధగా విని, "నిజమే మావా. మా బావకీ ఇదే పురుగు. సాయంత్రమైతే తొలిసేత్తాది" అన్నాడు. ఆ సెలూన్ గడప మావయ్య మళ్లీ తొక్కలేదు.

మాత్రలకి పురుగులు చచ్చాయి గాని, కట్టిన గోడలు ఉండిపోయాయి. పురుగుల మీద ఆయనకి కోపం లేదు. "ఆటి బతుకు అయ్యి బతికేయి" అనేవాడు. నేనూ తమ్ముడూ మా ఉమ్మడి పడవ అద్దెలో వాటాల దగ్గర మాటలు మానుకున్నప్పుడు నన్ను పిలిచి, "గొడవ గుడ్డంతేరా. నువ్వు లివరంతా గోడలు కడతన్నావు" అన్నాడు. ఆ సాయంత్రమే వాడింటికి వెళ్లాను. ఆ ఒక్క మాటకి ఆయనకి జన్మంతా రుణపడి ఉంటాను.

ఆయన బాధ ఒకటే. భోజనం దగ్గర, "నువ్వైనా నమ్మేవేటే?" అని అడిగేవాడు. అత్త ఇంకో చేప ముక్క వేసేది, జవాబు మాత్రం వేసేది కాదు.

పెద్దకార్యం నాడు ఒడ్డున ఆకు వేసి, అన్నం, వంజరం పులుసు వడ్డించాం. మావయ్య తోడల్లుడు జేబులోంచి క్వార్టర్ సీసా తీసి, మూత విప్పి, ఎంతో ప్రేమగా ఆకు పక్కన పెట్టాడు. "ఇట్టమైంది ఎట్టాలి గదా" అన్నాడు.

కాకి వచ్చింది. పడవ అంచు మీద కూర్చుంది. దిగలేదు.

"పిల్లల్ని సూసుకుంటాం అన్నా" అన్నాడు తోడల్లుడు. కదల్లేదు. "ఇల్లు పూర్తి సేయిత్తాం" అన్నాం. మెడ అటు తిప్పుకుంది. ఎండ నెత్తికెక్కుతోంది. అందరం ఏం కోరిక మిగిలిందా అని ఒకరి మొహాలొకరు చూసుకున్నాం.

అప్పుడు అత్త లేచింది. సీసా తీసి, ఆకుకి దూరంగా నడిచి, చివరి చుక్క దాకా ఇసుకలో ఒంపేసింది. వెనక్కి తిరిగి మా అందర్నీ చూసి, "ఆయన తాగడు. ఇనుకున్నారేటి? పురుగే" అంది. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

మందు వాసన పోయినందుకే దిగిందంటాడు తమ్ముడు. కావచ్చు. కాకి మాత్రం ఆకు దగ్గరికి గెంతుకుంటూ వచ్చింది. అన్నం వదిలేసి చేప ముక్క ముందు తీసుకుని, పడవ అంచెక్కి, తీరిగ్గా తింది.