బాతు కింద బీరువా తాళంచెవి

పోయిన వారం మా స్కూల్లో పదో తరగతి సైన్స్ పరీక్ష ముప్పావుగంట లేటుగా మొదలైంది. కారణం కరెంటు కాదు, వాన కాదు. మా ఇంటి బాతు! అప్పుడే నవ్వకండి. టీ తాగుతూ మొత్తం వినండి, తర్వాత మీ ఇష్టం.

మా పెరట్లో ఆడబాతు ఉందిగా, రాణి. ఇంతకుముందు రెండుసార్లు గుడ్ల మీద కూర్చుంది పాపం. మొదటిసారి గుడ్లన్నీ ముంగిస తినేసింది. రెండోసారి కాకులు. గుడ్లు పోయాక కూడా రెండు రోజులు ఆ ఖాళీ గూట్లోనే కూర్చుందండి! చూస్తే ఏడుపొచ్చేసింది. ఈసారి పిల్లలు దిగాల్సిందే అని అప్పుడే పట్టుబట్టాను.

మూడోసారి తొమ్మిది గుడ్లు. మెట్ల కింద పాత సిమెంటు తొట్టిలో గడ్డి పరిచాను. చుట్టూ ఇటుకలు. పైన మా ఆయన కాకినాడ హార్బర్ నుంచి తెచ్చిన పాత చేపల వల, రెండు పొరలు. "ఇంక ముంగిస రావాలంటే నా పర్మిషన్ తీసుకోవాల్సిందే" అని మా అత్తయ్య దగ్గర గొప్పలు పోయాను.

అత్తయ్య అంతా తిరిగి చూసి, "బాగానే ఉందమ్మా. మరి ఇనుమేదీ?" అన్నారు.

"ఇనుమెందుకండీ?"

"ఉరుములకి గుడ్లు మురిగిపోవూ? ఓ మేకు పడేస్తే ఏ బాధా ఉండదు." అంటూనే మేకు తెచ్చి గూట్లో పెట్టేశారు.

నేను సైన్స్ టీచర్ని! ఊరుకుంటానా? ఆ మేకు తీసి పక్కవాళ్ళ కొబ్బరితోటలోకి విసిరేశాను. "ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుంటారు, ఇవేం నమ్మకాలు అత్తయ్యా?" అన్నాను.

"ప్రభువు చూసుకుంటాడమ్మా. మేకు కూడా ఉంటే తప్పేంటి?" అన్నారావిడ.

ఒళ్ళు మండిపోయింది. ఆ ఉక్రోషంలోనే యూనిట్ టెస్ట్ పేపర్లో అయిదు మార్కుల ప్రశ్న పెట్టేశాను. 'ఉరుములకు గుడ్లు మురిగిపోతాయని కొందరు నమ్ముతారు. ఇది మూఢనమ్మకమని వివరించుము.' పేపర్లు జిరాక్స్ తీయించి, స్కూలు బీరువాలో పెట్టి, తాళంచెవి నా బ్యాగులో వేసుకున్నాను.

పరీక్ష ముందురోజు సాయంత్రం మబ్బు కమ్మేసింది. మొదటి ఉరుముకి కిటికీ అద్దాలు గడగడలాడాయి. నవ్వుకున్నాను. రెండో ఉరుముకి నవ్వు ఆగింది. మూడోదానికి, ఖాళీ గూట్లో కూర్చున్న రాణి కళ్ళముందు కనబడింది. ఇంకో నాలుగు రోజుల్లో పిల్లలు దిగుతాయి. ఏమో, ఎవరికి తెలుసు! నా పంతం కోసం దాని ఉసురు పోసుకోవడమెందుకు?

మేకు కోసం ఇల్లంతా వెతికాను, ఒక్కటీ లేదు. వంటింట్లో ఉన్న అత్తయ్యని అడిగితే పరువు పోదూ? బ్యాగులో చెయ్యి పెడితే బీరువా తాళంచెవి తగిలింది. అసలు సిసలు ఇనుము. క్లాసులో అయస్కాంతానికి అంటించి చూపించేది దాన్నే! గొడుగేసుకుని వెళ్ళి, వల సందులోంచి గూట్లోకి జారవిడిచాను. పొద్దున్నే తీసేద్దామనుకుని హాయిగా పడుకున్నాను.

పొద్దున్న పనుల్లో పడి ఆ సంగతే మర్చిపోయానండి. స్కూలుకి బయల్దేరుతూ బ్యాగు చూసుకుంటే చెవి లేదు. గూటి దగ్గరికి పరిగెత్తాను. ఎక్కడుంటుంది? రాణి పొట్ట కింద! వల ఎత్తి, తల దూర్చి, మెల్లిగా చెయ్యి పెట్టాను. బుస్సుమని మెడ చాచి మణికట్టు పట్టేసుకుంది. "అమ్మో!" అని వెనక్కి లాక్కోబోతే జడక్లిప్పు వలకి చిక్కుకుంది. గుంజినకొద్దీ బిగుసుకుంటోంది. ముంగిసకని కట్టిన వలలో నేను పడ్డాను.

సరిగ్గా అప్పుడే ఫోను. మా హెడ్‌మాస్టరు గారు.

"మేడమ్ గారూ, పిల్లలు హాల్లో కూర్చున్నారు. బీరువా తాళంచెవి ఏదండీ?"

"ఉందండి. బాతు కింద."

"అక్కడికెలా వెళ్ళిందండీ?"

"ఉరుములొస్తున్నాయని నేనే పెట్టానండి."

ఆయన పరీక్ష హాల్లో నిలబడి స్పీకర్ పెట్టారని నాకేం తెలుసు!

"బాతుని పక్కకి తొయ్యండి మేడమ్!"

"తొయ్యనండి! ఇప్పుడు బెదిరిస్తే మళ్ళీ గూడెక్కదు. అది లేచేదాకా నేను రాను. కావాలంటే మెమో ఇచ్చుకోండి!" అని అరిచేశాను. అవతల హాలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది.

నా అరుపులకి అత్తయ్య వచ్చారు. వలలో తల, బాతు కింద తాళంచెవి. చూడగానే ఆవిడకి మొత్తం అర్థమైపోయింది. కత్తెర తేబోతే, "వల కొయ్యొద్దండీ, ముంగిస వస్తుంది" అన్నాను. పాపం, ఒక్కో వెంట్రుకా విడదీసి నన్ను బయటికి లాగారు. తర్వాత కాలవ గట్టుకెళ్ళి గుప్పెడు నత్తలు ఏరుకొచ్చి గూటికి కాస్త దూరంలో పోశారు. రాణి నత్తల్ని చూసింది, నన్ను చూసింది, బెట్టుగా ఓ పదినిమిషాలు కూర్చుని అప్పుడు లేచింది.

చెవి లాక్కున్నాను. గుడ్లు వెచ్చగా ఉన్నాయి. స్కూటీ ఎక్కబోతూ పైకి చూస్తే ఇంకా మబ్బే! వంటింట్లోకి పరిగెత్తి, ఇనప అట్లకాడ తెచ్చి గూట్లో పెట్టి మరీ వెళ్ళాను. అత్తయ్య "స్తోత్రం ప్రభువా" అంటూ లోపలికి వెళ్ళిపోయారు.

నాలుగో రోజుకి ఏడు పిల్లలు దిగాయి, పసుప్పచ్చగా! రెండు గుడ్లు మాత్రం మురిగిపోయాయి. "చెవి తీసి అట్లకాడ పెట్టే మధ్యలో ఉరిమింది కదమ్మా" అని తేల్చేశారు అత్తయ్య.

ఆ సాయంత్రం పిల్లల్ని తొట్టిలో ఆడనిచ్చి, పక్కనే కూర్చుని పేపర్లు దిద్దుతున్నాను. అయిదు మార్కుల ప్రశ్నకి ఒకమ్మాయి ఇలా రాసింది: 'ఉరుములకు గుడ్లు మురగవు. ఇది మూఢనమ్మకం. కాబట్టి గూటిలో ఇనుము పెట్టనక్కరలేదు. ఒకవేళ పెట్టినా, స్కూలుది పెట్టకూడదు.'

అయిదుకి అయిదూ వేశాను.