మలేషియాలో ఒంటి తుమ్ము

మా అమ్మాయికి బండి నడపడం వాళ్ల నాయిన నేర్పాడని ఊళ్లో అందరూ అనుకుంటారు. ఆయనా అలాగే చెప్పుకుంటాడు, చెప్పుకోనీ. నిజానికి నేర్పింది మా ద్రాక్షతోట. అలియాబాద్ దాటాక రోడ్డు దిగి కాస్త లోపలికి వెళ్తే ఉండేది. పందిళ్ల మధ్య జీపు పట్టేంత దారి, దారికి అటూ ఇటూ పందిళ్లను మోసే రాతి కడీలు. ఏమరుపాటున స్టీరింగు తిప్పితే కడీ జీపుకు తగిలేది, ఆ వెంటనే వాళ్ల నాయిన కేక చెవులకు తగిలేది. తొంభైల్లో, కాళ్లు ఇంకా సరిగా అందని వయసులో, నడుము వెనక దిండు పెట్టుకుని అది ఆ దారుల్లో జీపు తిప్పింది. పక్క సీట్లో ఒళ్లో నీళ్ల బిందె పెట్టుకుని మా అత్తమ్మ. కూలీలకు నీళ్లు తీసుకెళ్లే పని ఆమెది. నీళ్లు తొణికితే మనవరాలి నెత్తిన మొట్టికాయ పడేది.

తర్వాత షామీర్‌పేట వైపు చిన్న కార్ల ట్రాకు ఒకటి వచ్చింది. సరదాగా ఒకసారి తీసుకెళ్తే, ఆ సరదా మద్రాసు పందేల దాకా పోయింది. డిగ్రీలో చేరేసరికి దాని అలమారాలో పుస్తకాల కంటే గెలిచిన కప్పులే ఎక్కువ. పెళ్లిళ్లలో చుట్టాలు నన్ను పక్కకు పిలిచి, "ఆడివిల్లకు గిదేం ఆటనే?" అని అడిగేవాళ్లు. "మీ పిలగాడు కారు ఎనకకు తీస్తాంటే రానీ రానీ అని మొత్తుకునేది మీరే గద. మాకా లొల్లి లేదు" అనేదాన్ని. నాకు నోరెక్కువ అని మా చుట్టాల్లో పేరు. ఆ పేరు ఊరికే రాలేదు, కష్టపడి సంపాదించుకున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మలేషియా నుంచి పిలుపొచ్చింది. అక్కడి టీము ఒకటి నలుగురు పిల్లల్ని పిలిపించి, తమ కారు ఇచ్చి నడిపించి చూస్తుందట. వాళ్లలో ఒక్కరికే ఆ ఏటి పందేల్లో చోటు. మా ఆయన సరేనన్నాడు కానీ, మెలిక పెట్టకుండా సరే అంటే ఆయన ఎలా అవుతాడు?

"గిదే ఆఖరు బిడ్డా. తీసుకుంటె నడుపు. తీసుకోకపోతె హెల్మెట్ అటక మీద వెట్టి సదువు సూసుకో. మల్ల నన్నడగొద్దు."

అది తల ఊపింది. ఊపుతున్నప్పుడు దాని మొహం చూశాను. బండి లేకపోతే ఈ పిల్ల ఏమైపోతుందోనని నాకు అప్పుడే గుబులు పట్టుకుంది.

అది ద్రాక్ష కోతల కాలం, మా ఆయన తోట వదిలి కదల్లేడు. తోడు నేను వెళ్లాల్సి వచ్చింది. నేను వెళ్తున్నానని తెలిసి అత్తమ్మ కూడా చీరలు సర్దుకుంది. "గంత దూరం విమానంల కూసుంటవా అవ్వా?" అని పిల్ల అడిగితే, "కూసునుడే గద. నీ జీపుల కూసున్నదాన్ని, విమానమొక లెక్కనా?" అంది. ఒక సంచినిండా సకినాలు, ఒక సీసాడు చింతకాయ తొక్కు, ఆపైన మేము ముగ్గురం. అలా బయల్దేరాం.

పరీక్షకు ముందు రోజు ఊరు చూడ్డానికి తిరిగాం. ఆకాశంలోకి లేచిన ఆ జంట భవనాల కింద నిలబడి అత్తమ్మ మెడ నొప్పెట్టేదాకా పైకి చూసింది. చూసి చూసి, "గింతెత్తు కట్టిండ్రు గని, బట్టలు యాడ ఆరేస్తరే?" అంది. కొండగుహలో సుబ్రహ్మణ్యస్వామి గుడి ఉందంటే అక్కడికీ వెళ్లాం. మెట్ల మీద ఒక కోతి సకినాల పొట్లం లాక్కుని మా ఎదురుగానే కూర్చుని నమిలింది. అత్తమ్మ దాన్ని నానా తిట్లూ తిట్టి, చివరకు "కర్రకర్ర మంచిగనే నములుతాంది, నా చేతి సకినాలాయె" అని మురిసిపోయింది. గుడి ముందు పూలమ్మే తమిళావిడతో ఈమె తెలుగులో, ఈమెతో ఆవిడ తమిళంలో, కోడళ్ల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. కోడళ్ల గురించేనని నాకెలా తెలుసంటే, ఇద్దరూ మధ్యమధ్య నా వైపు చూశారు.

పిల్ల మాత్రం మాతో ఉన్నట్టే ఉండి మాతో లేదు. కళ్లు భవనాల మీద ఉన్నా, చేతులు గాల్లో స్టీరింగు తిప్పుతూనే ఉన్నాయి. రేపటి ట్రాకులోని మలుపులన్నీ వరసగా నెమరేసుకుంటోంది. ఫోటో తీస్తుంటే కూడా దాని కుడికాలు నేలను నొక్కుతోంది. దాన్ని చూస్తే నాకు నవ్వొచ్చింది.

సాయంత్రం వానలో తడిశాం. హోటల్లో ఏసీ ఎలా ఆపాలో మాకు తెలియలేదు, ఎవరినైనా అడగడానికి మొహమాటం. ముగ్గురం ఒకే దుప్పట్లో ముడుచుకుని పడుకున్నాం. తెల్లారేసరికి నాకూ అత్తమ్మకూ ముక్కులు కారుతున్నాయి. పరీక్ష ఉన్న పిల్లకు జలుబు పట్టనందుకు సంతోషించాం.

ట్రాకు దగ్గర కార్లుంచే గది మా దేవుడి గది కంటే శుభ్రంగా ఉంది. అత్తమ్మ చెప్పులు బయటే విడిచి లోపలికొచ్చింది. అక్కడి మనుషులు ఆ చెప్పుల వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశారు. తక్కిన ముగ్గురూ మగపిల్లలే, ఒక్కొక్కడి వెంట ఒక్కొక్క తండ్రి. అందరినీ పరీక్షించేది ఎర్రమొహం పొడుగాయన ఒకడు. ఆయన నవ్వడం నేను చూడలేదు.

మొదటి వంతు మా పిల్లదే. అవ్వ కాళ్లకు మొక్కింది, నా కాళ్లకు మొక్కింది, హెల్మెట్ చంకన పెట్టుకుని కారు దగ్గరికి నడిచింది. ఒక కాలెత్తి లోపల పెట్టబోతుండగా నేను తుమ్మాను.

ఒక్కటే తుమ్ము.

మా ఇళ్లలో ఎవరైనా పని మీద బయల్దేరినప్పుడు ఒంటి తుమ్ము వినబడితే ఇక అడుగు ముందుకు పడదు. వెనక్కి వచ్చి కూర్చోవాలి, గుక్కెడు నీళ్లు తాగాలి, మనసు కుదుటపడ్డాక మళ్లీ లేవాలి. అదే మనిషి వెంటనే ఇంకోటి తుమ్మిందా, దోషం లేదు, పైగా శుభం. నేను చదువుకున్నదాన్నే, ఇవన్నీ ఉత్తవని తెలుసు. తెలిసినా ఎప్పుడూ ఆగకుండా పోలేదు. ఇక మా పిల్ల అవ్వ చేతుల్లో పెరిగింది. ఎత్తిన కాలు గాల్లోనే ఆగింది.

"ఆగు బిడ్డా! కూసో, నీళ్లు తాగు" అంది అత్తమ్మ.

పిల్ల నా వైపు తిరిగి, "అమ్మా, ఇంకోటి తుమ్మే! జల్దీ!" అని బతిమాలింది.

తుమ్ము నా జీతగాడా, పిలిస్తే పరుగెత్తుకు రావడానికి? పైనున్న లైటు వైపు గుడ్లు మిటకరించి చూశాను. రాలేదు. అత్తమ్మ తన కొంగు కొసను వత్తిలా నులిమి, అంతమంది పరాయి దేశపు మగాళ్ల ముందు, నా ముక్కులో పెట్టి తిప్పింది. కళ్లలో నీళ్లొచ్చాయి గానీ తుమ్ము రాలేదు. నాకేదో జబ్బు చేసిందనుకుని ఒకతను కుర్చీ తెచ్చి వేశాడు. చేసేది లేక పిల్ల అక్కడే దొంతరగా పేర్చిన టైర్ల మీద కూర్చుని నీళ్లు తాగింది. అది సీసా మూత పెట్టేలోగా పొడుగాయన గడియారం చూసుకుని, ఇంకో పిల్లవాడికి సైగ చేశాడు. వాడు చటుక్కున కారెక్కి వెళ్లిపోయాడు.

మాది చివరి వంతయింది. అప్పటికి టైము చాలక, తక్కినవాళ్లకు ఇచ్చిన చుట్లలో సగమే దొరికాయి. అంతకంటే పెద్ద దెబ్బ మధ్యాహ్నం అన్నాల దగ్గర తెలిసింది. పొడుగాయన తన పక్కనున్నతనితో అన్న మాట పిల్ల చెవిన పడిందట.

"భయపడ్డదంట. నేను పిరికిదాన్నంట" అంది, పళ్లెంలోంచి తల ఎత్తకుండా.

"అసలు సంగతి పోయి చెప్పవే" అన్నాను.

"ఏమని చెప్పాలె? మా అమ్మ తుమ్మింది సార్ అనాల్నా?"

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకుని పక్కున నవ్వాం. నవ్వు అయిపోయాక పళ్లాలు అలాగే వదిలేసి లేచాం. నా ముక్కు కోసి పారేద్దామన్నంత కోపం వచ్చింది నా మీద నాకే.

మధ్యాహ్నం అందరికీ ఇంకొక్కసారి కారిస్తారు. ఎవరికి చోటో తేలేది దానితోనే. నేను కొంగు ముక్కుకు అదిమి, ఊపిరి బిగబట్టి, గోడ పక్కకు పోయి నిలబడ్డాను. పిల్ల హెల్మెట్ పెట్టుకుంటోంది. నా నుంచి ఏ ముప్పూ లేదు. అప్పుడు నా పక్కనే అత్తమ్మ తుమ్మింది.

తోటలో ఈ చివర నిలబడి ఆ చివరి కూలీలను పిలిచే గొంతు ఆమెది. తుమ్ము కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. ఆ గదిలో వినబడనివాళ్లు లేరు. ఇంకోటి వస్తుందేమోనని ఆశగా చూశాను. రాలేదు. పిల్ల వెనక్కి తిరిగి అవ్వను చూసింది. పొడుగాయన పిల్లను చూస్తున్నాడు. మా అత్తమ్మ అంటే, ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు మొత్తుకుంటున్నా వినకుండా, పెళ్లికొడుకునే గడపలో ఆపి కూర్చోబెట్టిన మనిషి.

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఏం గాదు, పో బిడ్డా. నాది ఉత్త సర్ది" అంది.

పిల్ల కదల్లేదు.

"పొమ్మంటున్న గదనే. నేనే జెప్తున్న, పో."

వెళ్లింది. కారు బయటికి పోయి చప్పుడు దూరమయ్యేదాకా అత్తమ్మ నిటారుగా నిలబడింది. ఆ తర్వాత నా కోసం వేసిన కుర్చీలో కూలబడి కళ్లు మూసుకుంది. నా చేయి పట్టుకుంది. కారు మా ముందు నుంచి దూసుకుపోయిన ప్రతిసారీ నా వేళ్లు నలిగిపోయాయి. "సూడు అత్తమ్మా, మన పిల్ల ఎంత మంచిగ వోతాందో" అన్నాను. "నువ్వు సూడు. సూసి నాకు జెప్పు" అంది కానీ కళ్లు తెరవలేదు. మనవరాలు నడిపితే చూడాలని సముద్రం దాటి వచ్చిన మనిషి. చివరికి ఇంజను ఆగింది.

"దిగిందా?"

"దిగింది."

అప్పుడు కళ్లు తెరిచింది. నేనైతే ఆ రోజు నుంచి ఆమెను కోడలిలా ఎదిరించడం కాస్త తగ్గించాను.

సాయంత్రం నలుగురినీ లోపలికి పిలిచి చెప్పారు. బయటికొస్తున్న మా పిల్ల నడకలోనే సంగతి తెలిసిపోయింది. చోటు ఇంకో పిల్లవాడికి దక్కింది, మాది రెండో స్థానం. పొడుగాయన ఈసారి దాని భుజం తట్టి, బాగా నడిపావన్నాడట, పొద్దున తను అనుకున్నది తప్పన్నాడట. హోటల్లో బట్టలు మడుస్తూ నాతో ఒక్కదానితో చెప్పింది. "ఆఖరు మలుపుల ప్రతిసారి నేనే జల్దీ బ్రేకు తొక్కిన అమ్మా. నాకు తెలుసు." కంట చుక్క నీరు లేదు. ఏడ్చి ఉంటే నాకు కొంత నయంగా ఉండేది.

వాళ్ల నాయినకు ఫోను చేసింది. "రాలే నాయినా" అంది. అవతల ఏదో అన్నాడు. "సరే" అంది. ఇంకేదో అన్నాడు. "సరే" అంది మళ్లీ. ఏ మాటకు సరే అంటోందో మాకు తెలుసు. అత్తమ్మ లేచి వెళ్లి ఫోను లాక్కుంది. ఆమె ఫోనును చెవికి జానెడు దూరాన పట్టుకుంటుంది కాబట్టి ఆయన మాటలూ మాకు వినబడ్డాయి.

"ఒరే కొడుకా, పిల్లది తప్పేం లేదు. పొద్దుగాల నీ పెండ్లాం తుమ్మింది. పగటీలి నేను తుమ్మిన. గీ పరీచ్చ లెక్కలకు రాదు. మల్ల తోలియ్యాలె."

"రెండైతె మంచిదే గదనే అవ్వా?" అన్నాడాయన, పరేషాన్ అయిపోయి.

"ఒక్కలే రెండు తుమ్మితె మంచిది. ఇద్దరు తలొకటి తుమ్మితె గాదు. నువ్వు బోరు ఏపియ్యవోతాంటె నేను తుమ్మితె ఏం జేసినవ్? బండిని వాపసు తోలి, మల్ల తెల్లారి ఏపిచ్చినవా లేదా? నీ బోరుకో నాయం, పిల్లకో నాయమా?"

"కాదవ్వా, బ్రేకు నేనే..." అని పిల్ల నోరు తెరిచింది. నేను దాని చేతిమీద గట్టిగా గిల్లాను.

మా ఆయన నాకు ఎదురు చెప్తాడు, బ్యాంకువాళ్లకు ఎదురు చెప్తాడు, తోట అమ్మమని తూంకుంట నుంచి వచ్చే ప్లాట్లవాళ్లకూ ఎదురు చెప్తాడు. తల్లి తుమ్ముకు ఎదురు చెప్పడం మాత్రం ఆయన వల్ల కాలేదు. చివరికి "సరే, మల్లొకపారి సూద్దాం తియ్" అని గొణిగి ఫోను పెట్టేశాడు.

అత్తమ్మ ఫోను కింద పెట్టి మంచమ్మీద మనవరాలి పక్కన కూర్చుంది.

"మల్లొకపారి పంపుతడంట. ఇగ ఏడువు" అంది.

పొద్దుటి నుంచి బిగబట్టుకున్నదంతా అప్పుడు బయటికొచ్చింది. అవ్వ ఒళ్లో మొహం పెట్టుకుని మా పిల్ల కడుపారా ఏడ్చింది.