బడికప్పుకు పాత టేకాకు

ఇది రాయకుండా ఎగ్గొడదామనే అనుకున్నాను. ఉక్కపోత, కరెంటు లేదు, పైగా మనవరాలికి నోటితో చెప్పేస్తే సరిపోయేది. కానీ దాని స్నేహితులంతా సేవ చేయడానికి ఆసిఫాబాద్ వైపు గోండు గూడేలకు బయలుదేరుతున్నారట. "అప్పట్ల మీరంతా ఎట్ల పోయిన్రు, తాతా?" అంది. అందుకని కూర్చున్నాను.

అరవైల్లో సుల్తానాబాద్‌లో మాకొక యువజన సంఘం ఉండేది. సంఘమంటే ఒక క్యారమ్ బోర్డు, కొందరు కుర్రాళ్ళు, మా నాయకుడు రాజయ్య. పని చేయడంలో రాజయ్య అందరికంటే ముందు, అడగడంలో అందరికంటే వెనక. ఒక గూడెంలో కొత్త బడికి కప్పు వేయాలని తెలిసి తొలకరి పడగానే కదిలాము. పొద్దున్నే పెద్దపల్లిలో ప్యాసింజరు ఎక్కితే మధ్యాహ్నానికి ఆసిఫాబాద్ రోడ్డు స్టేషను. టికెట్టు రెండు రూపాయల లోపే. ఆ రైల్లో ఉప్పుశనగలు తిన్న నోటికి తర్వాత ఏ శనగలూ ఆనలేదు, అది వేరే సంగతి. అక్కడి నుంచి బస్సు, ఆపైన ఎడ్లబండి. బండివాడు మా చేతులు చూసి, "గీ చేతులతోని కప్పేస్తరా? ఎడ్లు నవ్వుతయి" అన్నాడు.

గూడెం పెద్ద, పటేలు భీంరావు, రాంరాం చెప్పి జొన్నగట్క పెట్టించాడు. బడికి తడికల గోడలు లేచాయి, పైన మాత్రం ఆకాశమే. కొత్తగా వచ్చిన పంతులు, "సోమవారానికి కప్పు పడకుంటే నేను వాపస్ పోత" అని చెప్పేశాడు. మబ్బు దిగుతోంది. ముందు ఆకు పరిచి, దాని మీద గడ్డి కప్పాలి. గడ్డి ఉంది, ఆకు లేదు. రాజయ్య ఎవరినీ అడగకుండా మమ్మల్ని అడవికి తోలుకుపోయి లేత టేకాకు మోపులకొద్దీ కోయించాడు.

మోపులు చూడగానే పటేలు ఎదురొచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇంక పూజ కాలే బాబూ," అన్నాడు పటేలు. "కొత్త టేకాకు ముందుగాల దేవునికి పెట్టాలె. గప్పటిదాంక మేం ముట్టం. గీ ఆకు కింద ఒక్క పోరడు గూడ కూసోడు."

"పూజ రేపే చేస్తే?" అన్నాడు రాజయ్య.

"నీ లగ్గం రేపే అంటే చేసుకుంటవా? దేనికైనా దినముంటది."

పంతులు పరుపు చుట్టడం మొదలుపెట్టాడు. పటేలు ఆ మోపులను అడవి అంచున పెట్టించి కొబ్బరికాయ కొట్టాడు. "కొత్త చుట్టాలను దేవుడు ఒకపారి మన్నిస్తడు. రెండోపారి నేను మన్నియ్య."

అప్పుడు బడి పక్కింటి ముసలమ్మ సోంబాయి నోరు విప్పింది. "నా కొట్టం మీద పోయినేటి ఆకున్నది. కింద మేకలే గద, అవి చదువుతయా? విప్పుకపోండ్రి."

పాత ఆకుకు పట్టింపు లేదు. ఆమెను చూసి ఇంటింటివాళ్ళూ తమ కప్పులోంచి కొంత కొంత తీసిచ్చారు. మేము మోశాము, వాళ్ళు పరిచారు. ఆదివారం పొద్దుగూకే లోపు కప్పు పడింది, వెనకే వాన పడింది. బడి కారలేదు.

తెల్లారి సోంబాయి వచ్చి నిలదీసింది. "ఏం రాజన్నా, బడి మంచిగున్నది, నా మేక తడిసింది!" రాజయ్య ఆ మేకను తన కంబళితో తుడిచాడు.

సేవ చేయడానికి వెళ్ళినవాళ్ళం మేము. ఇళ్ళు కారినా బడికి కప్పిచ్చింది వాళ్ళు. ఇందులో ఎవరు ఎవరికి ఏం చేశారో నాకు ఇప్పటికీ లెక్క తేలలేదు, తేలకపోయినా నిద్ర బాగానే పడుతోంది. మీరు తొలకరిలో వెళ్ళేట్టయితే తినే కంచం మీరే పట్టుకెళ్ళండి, పూజ కానిదే టేకాకు విస్తరి వెయ్యరు. ఆకు తెంపేముందు పటేలును అడగండి.

ఆ సోమవారం పంతులు పిల్లలను కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాడు. ఒకడు నిద్రపోయాడు.