కొంగ ఎగిరిపోయాక పదమూడు ముక్కలాట

ముందు చప్పుడు వస్తుంది. చిన్న రేకు డబ్బాలో గింజలు కదిలే చప్పుడు. వాన మొదలవబోతూ ఎండుటాకుల మీద రాలే నాలుగైదు చినుకుల్లాంటిది. తర్వాత పొడవాటి కోటు వస్తుంది, కోటు కింద చీర అంచు, అంచు కింద మంచు బూట్లు. అన్నిటికంటే వెనక, కారు తాళాలు వెతుక్కుంటూ శాంత గారు వస్తారు.

ఆ డబ్బా ఒకప్పుడు పిప్పరమెంటు బిళ్ళలది. ఇప్పుడు దాన్నిండా చింతపిక్కలు. కెనడాలోని గ్వెల్ఫ్‌లో తెలుగువాళ్ళందరూ చింతపండు గుజ్జు సీసాల్లో కొనుక్కుంటుంటే శాంత గారు మాత్రం పిక్కలున్న చింతపండే వెతికి తెస్తారు. పులుసు కోసం కాదు, పిక్కల కోసం. గురువారం పేకాటలో పందెం అవే.

పేక ఆమె చేతికి చిన్నప్పుడే వచ్చింది. తెనాలి రైల్వే క్వార్టర్సు, నాన్న గూడ్సు బండి గార్డు. డ్యూటీ లేని మధ్యాహ్నాలు ఆయన స్నేహితులు వరండాలో దుప్పటి పరుచుకుని కూర్చునేవారు. ఒకరోజు ఎవరికో బండి ఆలస్యమైంది. నాన్న లోపలికి తొంగిచూసి, "చెయ్యి తక్కువైంది, రా అమ్మా," అన్నాడు. పరికిణీ సర్దుకుని దుప్పటి అంచున కూర్చుంది. ఆ సాయంత్రం పెద్దవాళ్ళ మధ్య విసనకర్రలా విప్పిన పదమూడు ముక్కల వెనక ఆమె మొహం మొదటిసారి ఎవరికీ కనిపించకుండా పోయింది. మొహం దాచుకుని మనసు ఆడించుకోవడంలో ఎంత స్వేచ్ఛ ఉందో అప్పుడే తెలిసింది.

పెళ్ళయ్యాక ఆ స్వేచ్ఛ పెట్టెలో చీరల మధ్య ప్రయాణం చేసింది. అత్తగారు చీరలు సర్దుతూ పేక పట్టుకున్నారు. కోప్పడలేదు. బియ్యం డబ్బా అడుగున పెట్టి మూత వేశారు. "కోడలికి పేక అలవాటుందని బయటికి తెలిస్తే మర్యాదగా ఉండదమ్మా," అన్నారంతే.

భర్త సీతారామారావు గారు గ్వెల్ఫ్ యూనివర్సిటీలో నేలల గురించి పాఠాలు చెప్పేవారు. ఆమె ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసేది. రాత్రి వంటిల్లు సర్దాక పడకగదిలో, మంచం మీద, తలుపు వేసుకుని ఒక్కతే ముక్కలు పరుచుకునేది. వాకిట్లో అతిథుల కారు ఆగితే ఆయన వచ్చి తలుపు మీద రెండుసార్లు వేలితో తట్టేవారు. దుప్పటి కిందికి పేక, మొహం మీదికి చిరునవ్వు. ఆయన చెడ్డవారు కారు. నలుగురికీ భయపడేవారు. ఆ భయాన్ని ఇద్దరూ కలిసి ముప్పై ఏళ్ళు జాగ్రత్తగా కాపాడారు.

ఆయన పోయిన మరుసటి ఏడు, గుడిలో పరిచయమైన ఆడవాళ్ళతో కలిసి శాంత గారు మొదటిసారి సిల్వర్ హెరాన్‌కి వెళ్ళారు. ఊరికి ఉత్తరాన గంట దూరం, చిన్న చెరువు ఒడ్డున కాసినో, దానికి ఆనుకుని హోటలు. పైకప్పు మీద నియాన్ దీపాల కొంగ. దాని ఒంటికాలు సగం వెలిగేది కాదు. అందుకే అది గాల్లో తేలుతున్నట్టు ఉండేది. పేరు నోరు తిరగక వీళ్ళు దాన్ని కొంగ హోటల్ అనేశారు. వృద్ధులకు గురువారం భోజనం చవక. చెరువు కనిపించే కిటికీ పక్కన నలుగురు పట్టే గుండ్రటి బల్ల ఉండేది. ఆ బల్ల మీద శాంత గారు సంచిలోంచి పేక తీసి పెట్టినప్పుడు, ఇంకా ఎవరూ తలుపు తట్టలేదేమిటా అని ఒక్క క్షణం చెవి ఒగ్గారు. ఎవరూ తట్టలేదు. పంచారు.

అక్కడి సెక్యూరిటీ ఆయన డెస్మండ్, జమైకా నుంచి వచ్చినవాడు, మొదటి వారమే బల్ల దగ్గరికి వచ్చి చింతపిక్క ఒకటి వెలుతురులోకి ఎత్తి చూశాడు.

"ఒక్కోటి ఎంత, మేడమ్?"

"ఏమీ లేదు."

"మరి దేనికి ఆడుతున్నట్టు?"

"గెలవడానికి," అన్నారు శాంత గారు.

అతను పిక్కను మళ్ళీ కుప్పలో పెట్టి, మిగతా వాళ్ళందరూ దేనికి ఆడుతున్నారో ఆలోచిస్తున్నట్టు మెషిన్ల వైపు చూస్తూ వెళ్ళిపోయాడు. తర్వాత పదేళ్ళకు పైగా వాళ్ళ బల్ల జోలికి ఎవరూ రాలేదు.

ఆ నలుగురిలో ఒకరు కొడుకు దగ్గరకు వాంకూవర్ వెళ్ళిపోయారు, ఒకరు లోకమే వదిలి వెళ్ళారు. ఇప్పుడు మిగిలింది శాంత గారు, రాగిణి. రాగిణిది వరంగల్లు. బ్యాంకులో చేసి రిటైరైన మనిషి, శాంత గారికంటే ఆరేడేళ్ళు చిన్న. ఇద్దరితో ఆట పలచబడింది గానీ ఆగలేదు. పోయిన వేసవంతా హోటలు మరమ్మతు అని మూసేసినప్పుడు మాత్రం, గురువారాలు ఎక్కడ పెట్టాలో తెలియని సామానులా ఇంట్లో అడ్డం పడుతూ ఉండేవి. కూతురు విద్య ఫోన్లో, "ఇంట్లోనే ఆడుకోవచ్చు కదమ్మా," అంది. శాంత గారు పొయ్యి మీద పాలున్నాయని ఫోన్ పెట్టేశారు. పాలు లేవు.

అక్టోబరులో తలుపులు మళ్ళీ తెరిచారు. మేపుల్ చెట్లు ఆకులన్నీ ఒకేసారి ఖర్చు పెట్టేస్తున్న ఉదయం. శాంత గారు డ్రైవ్ చేస్తున్నారు, రాగిణి మెడ సాచి చూస్తోంది.

"శాంతక్కా, కొంగేది?"

"ఎక్కడికి పోతుంది, మలుపు తిరిగితే కనిపిస్తుంది."

మలుపు తిరిగింది. కొంగ లేదు. దాని చోట పైకప్పు పొడుగునా బూడిదరంగు అక్షరాలు. రాగిణి ఒక్కొక్కటే కూడబలుక్కుంది. "ఎన్, ఐ, ఆర్, ఏ... ఎస్, ఏ. నీరస. ఏందిది, నీరసమంటున్నడా?"

"నీరసం కాదే. నిరాశ."

"ఎస్ పక్కన హెచ్ లేదు గదా."

"ఇంగ్లీషులో నీ పేరుకి ణ ఎక్కడుంది? అయినా నువ్వు రాగిణివి కాకుండా పోయావా?"

రాగిణి మళ్ళీ పైకప్పు వైపు చూసింది. "మంచోడే. లోపల ఏం దొరుకుతదో బయటనే బోర్డు పెట్టిండు."

పార్కింగ్‌లో కారు ఆపాక కూడా ఇద్దరూ సీటు బెల్టులు విప్పకుండా నవ్వుతూనే ఉన్నారు. ఆ నవ్వు లోపలికి వెళ్ళేదాకా ఉంది.

లోపల ఎర్ర తివాచీ లేదు. దాని మీద పడి ఎగిరే రంగు దీపాలు లేవు. బూడిదరంగు నేల, బూడిదరంగు సోఫాలు, మాట్లాడితే పాపమన్నట్టు గుసగుసలాడే మనుషులు. జూదం మెషిన్లు ఎక్కడికీ పోలేదు, వాటి నోళ్ళు మాత్రం కట్టేశారు. పాత రోజుల్లో ఎవరో గెలిస్తే ఊరంతటికీ తెలిసేది. ఇప్పుడు ఓడినా గెలిచినా ఒకటే మౌనం. భోజనాల దగ్గర వేడి సూపు ఉండేది, మిరపకాయ అడిగితే నవ్వుతూ తెచ్చే వెయిట్రెస్ ఉండేది. ఆ చోట ఇప్పుడు మట్టి కప్పుల్లో పసుపు పాలు అమ్ముతున్నారు.

"జలుబు చేసినోళ్ళకు సగం ధర అడుగుదామా," అంది రాగిణి.

కిటికీ ఉండాల్సిన చోట గోడ లేచింది. గోడ నిండా ప్లాస్టిక్ నాచు. నాచు మధ్య స్పీకర్లోంచి నీళ్ళు పారుతున్న చప్పుడు. శాంత గారు ఆ గోడ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. నిజం చెరువు దానవతలే ఉంది, తన నీళ్ళతో తాను, ఎవరికీ వినిపించకుండా.

గోడ చివర ఒక తాడు, తాడు అవతల గది. అక్కడ మాత్రం పాత కిటికీ మిగిలింది. బల్లలు లేవు, నేల మీద గుండ్రటి దిండ్లు పరిచారు. ఒక్క మనిషీ లేడు. వాకిట్లో పలక: బస చేసిన అతిథులకు మాత్రమే. చెప్పులు విప్పండి. నేల మీద కూర్చోండి. నిశ్శబ్దం పాటించండి.

శాంత గారు పలక రెండుసార్లు చదివారు. బూట్లు విప్పి గోడ వారన జతగా పెట్టారు. తాడు ఎత్తి పట్టుకున్నారు.

"అక్కా, మొదటి లైను చదివినవా?"

"చదివాను. మిగతావి మనకు వచ్చినవే."

శాలువా పరిచి, పేక కలిపి, పంచారు. చింతపిక్కలు రెండు కుప్పలయ్యాయి. కిటికీలోంచి చెరువు వెలుతురు ముక్కల మీద ఊగుతోంది. ఆ కాసేపు ఏదీ మారినట్టు లేదు. వేసవి మొత్తం ఎవరో తలుపు మూసి పెట్టిన గదిలా ఉన్న ఆమె ఛాతీలోకి గాలి వచ్చింది. ఆమెకు కావలసింది ఇంతే. ఈ కిటికీ పక్కన, అందరూ చూసేటట్టు, ఒక ఆట.

రాగిణి ఇస్పేటు జాకీ పారేసేసరికి వాకిట్లో డెస్మండ్ ఉన్నాడు. పాత నీలం యూనిఫాం పోయి బూడిదరంగు సూటు వచ్చింది. అందులో అతను ఎవరి పెళ్ళికో అరువు బట్టల్లో వచ్చినవాడిలా ఉన్నాడు.

"మేడమ్ శాంతా. మీరు వస్తారనే భయపడుతున్నాను."

"పిక్కలకి విలువ పెరగలేదు డెస్మండ్, భయపడకు."

"బయటి పేక లోపల ఆడకూడదు. కొత్త రూలు. ఈ గది కూడా మీది కాదు. దయచేసి లేవండి."

"లేవమంటే ఎలా? కూర్చోవడం నా చేతిలో పని. లేవడం మోకాళ్ళు ఒప్పుకోవాలి."

అతను నవ్వు ఆపుకోవడానికి పైకప్పు వైపు చూశాడు. ఈలోగా మేనేజరు వచ్చింది. క్లేర్ అని గుండె మీద పేరు. సన్నటి మనిషి, సన్నటి గొంతు. చెరువు ఒడ్డున ఉంది కాబట్టి నీరు, ఇల్లు అనే అర్థాలొచ్చే రెండు మాటలు కలిపి ఈ పేరు కట్టారనీ, అతిథులకు ప్రశాంతత కావాలనీ చెప్పింది.

"మా భాషలో దానికి అర్థం తెలుసా?" అన్నారు శాంత గారు. "ఏదో దొరుకుతుందని ఆశపడి వచ్చి, దొరక్క తిరిగి వెళ్ళేటప్పుడు గుండెల్లో ఉంటుందే, అది."

క్లేర్ రెప్ప వేయలేదు. "చాలా భాషల్లో పరీక్షించే పెట్టారు మేడమ్."

"మమ్మల్ని ఎవ్వరూ అడగలే," అంది రాగిణి తెలుగులోనే, తన ముక్కలతో చెబుతున్నట్టు.

క్లేర్ కిందికి వంగింది. గొంతులో నిజంగానే దయ ఉంది. "నా మాట వినండి. మీ వయసులో ఇంత దూరం డ్రైవ్ చేసుకుని రావడమెందుకు? ఇంట్లో ఆడుకుంటే మీకే హాయి కదా."

శాంత గారి చేతిలో ముక్కల విసనకర్ర మూసుకుంది. బియ్యం డబ్బా మూత, దుప్పటి కింద మడత పడ్డ రాణి, తలుపు మీద వేలితో తట్టే ఆ రెండు చిన్న చప్పుళ్ళు, అన్నీ ఆ దయగల గొంతులోంచే వినిపించాయి.

"ఇంట్లో ఆడాను," అన్నారు. గొంతు పెంచలేదు. "ముప్పై ఏళ్ళు ఆడాను, తలుపేసుకుని. అప్పుడూ అందరూ నా హాయి కోసమే చెప్పారు. ఇక్కడికి పేకాడటానికి రాలేదమ్మా నేను. తలుపు తీసి ఆడటానికి వచ్చాను. మీ పలక మీద రాసినట్టే చెప్పులు విప్పాను, కింద కూర్చున్నాను, అరవలేదు. ఈ ఆట అయ్యాక లేస్తాను. అంతకుముందు లేపాలంటే మీరే ఎత్తాలి."

ఆమె ముక్కలు మళ్ళీ విప్పారు. క్లేర్ డెస్మండ్ వైపు చూసింది. డెస్మండ్ చెరువు వైపు చూశాడు. "నా నడుం బాగాలేదు, మేడమ్," అన్నాడు మెల్లగా, ఎవరితోనో తెలియకుండా.

ఎవరూ ఎత్తలేదు. ఆట నడిచింది. చివరికి రాగిణే షో చేసింది, శాంత గారి పిక్కలన్నీ దగ్గరికి లాక్కుంది, ఏమాత్రం జాలి లేకుండా. అప్పుడు శాంత గారు చెయ్యి చాపితే డెస్మండ్ పట్టుకుని లేపాడు. తలుపు దాకా వచ్చాడు. లోపలికి మళ్ళీ రానివ్వడం తన వల్ల కాదని చెప్పాడు. తర్వాత గడ్డం ఎత్తి ఒడ్డున ఉన్న బెంచీ చూపించాడు. "అది వీళ్ళది కాదు, ఊరిది. దాని మీద నాకు అధికారం లేదు."

ఇప్పుడు గురువారాలు అక్కడ. ఇద్దరి మధ్య బెంచీ మీద శాలువా, గాలికి ఎగరకుండా ముక్కల మీద చెరువు గులకరాళ్ళు, వేళ్ళు కత్తిరించిన ఊలు చేతితొడుగులు. ఎదురుగా నీళ్ళు. వెనక అద్దం అవతల దిండ్ల మీద కూర్చున్న అతిథులు కళ్ళు తెరిచినప్పుడల్లా వీళ్ళిద్దరి వీపులే చూడాలి. కళాత్మకంగా ఉందని ఎవరో ఫోటో కూడా తీశారట. ఒడ్డున అప్పుడప్పుడు నిజం కొంగ ఒకటి దిగి, ఒంటికాలి మీద నిలబడి, ఎవరు గెలుస్తారో తేలేదాకా కదలదు. చెరువు గడ్డకట్టాక ఏం చేస్తారని అడిగితే, రాగిణి అల్లుడి దగ్గర చేపలు పట్టేవాళ్ళ గుడారం ఉందనీ, మంచు మీద వేస్తామనీ శాంత గారు చెప్పారు.

ఇదంతా శాంత గారింట్లో కూర్చుని విని రాస్తున్న మనిషి సెలవు తీసుకుని, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అడగాల్సిన మాట అడిగారు. పేకాట కదా, గుడిలో తెలిసినవాళ్ళున్నారు కదా, విద్య చదువుతుంది కదా, పేరు మార్చి రాయమంటారా అని. శాంత గారు రేకు డబ్బా కోటు జేబులో వేసుకుని, చప్పుడు సర్దుకునేదాకా ఆగారు.

"పేరు మారిస్తే ఏమవుతుందో చూసొచ్చాం కదండీ. శాంత అనే రాయండి. పేకాడుతుందని మొదటి వాక్యంలోనే రాయండి."