డెమో రోజు మాస్టారు తాగని టీ

మా ముత్తాత నిజాం కొలువులో తాలూక్‌దారు. మా తాతగారు పది ఊళ్లకు దేశ్‌ముఖు. ఆయన వస్తున్నారంటే కచేరీలో కూర్చున్నవారు లేచి నిలబడేవారు. నా తరానికి మిగిలింది అమీర్‌పేటలో, పైన రెండంతస్తులున్న ఒక ఇల్లు. కింద మేముండి, మొదటి అంతస్తును కంప్యూటరు కోర్సులు చెప్పే ఒక మాస్టారికి అద్దెకిచ్చాను. ఆయనది భీమవరం దగ్గర పల్లె. అద్దెకున్నవాళ్లను పొగిడే అలవాటు మా ఇంట్లో లేదు. ఈయన విషయంలో మాత్రం పొగడక తప్పదు.

కొత్త బ్యాచ్‌కి మొదటిరోజు పాఠం ఉచితం. దాన్ని డెమో అనేవారు. అది నచ్చితేనే పిల్లలు చేరతారు. అందుకే అమీర్‌పేటలో మిగతాచోట్ల డెమోను పేరుమోసిన మాస్టారు చెప్పేవారు, చేరాక క్లాసుకి ఇంకెవరో వచ్చేవారు. మా మాస్టారు డెమోలూ పాఠాలూ అన్నీ తానే చెప్పి, సాయంత్రానికి గొంతు పోయి సైగలు చేసేవారు. ఆ ఏడు జావా బ్యాచ్‌ని తన దగ్గరే చదివిన కరీంనగర్ అమ్మాయికి అప్పగించారు, డెమోతో సహా. హాలు ఖాళీ అయితే ఆ అమ్మాయి మళ్లీ బోర్డు ముందు నిలబడటం కష్టమని మా అందరికీ తెలుసు.

ఆ పొద్దున హాలు నిండింది. తలుపు దగ్గర మాస్టారు, పక్కన నేను. కాసేపటికి ఆమె రాసిన ప్రోగ్రాము నడవలేదు. తెర నిండా తప్పుల వరుసలు దిగాయి. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. ఇద్దరు లేచి వెళ్లిపోయారు. ఆమె మాస్టారి వైపు చూసింది. హాలంతా ఇటే తిరిగింది.

"రండి ఓనరుగారూ, టీ తాగొద్దాం" అంటూ ఆయన మెట్లు దిగారు.

పంజాగుట్ట దారిలో ఇరానీ హోటల్లో కూర్చున్నాక, "మీరొక్క నిమిషం లోపలికి వెళ్తే సరిపోయేది కదా" అన్నాను.

"సరిపోయేదండీ. రేపట్నుంచి పిల్లలు ఆ అమ్మాయిని మానేసి నన్నడుగుతారు. ఇంక నేను అప్పగించిందేంటి, సుద్దముక్కా?"

అన్నారే గాని ఆయన కప్పు ముట్టలేదు. టీ మీద మీగడ కట్టింది. నాకు మా తాతగారు గుర్తొచ్చారు. గుమాస్తాలకు పనులు అప్పగించినా తాళంచెవులు మొలలోనే ఉంచుకునేవారు. గొప్ప మనిషి. ఆయన మంచాన పడ్డాక మా ఇంట ఏ పనీ కదల్లేదు.

తిరిగొచ్చేసరికి క్లాసు అయిపోయింది. ఆమె బోర్డు తుడుస్తోంది.

"తప్పు యాడున్నదో మీరే చెప్పుండ్రని వాళ్లనే అడిగిన సార్. ముందు బెంచీల ఒకాయన దొరకబట్టిండు. గా తర్వాత ఎవ్వరు లేవలే."

ఎందరు చేరారని ఆయన అడగలేదు. "రేపు క్లాసు ఎన్నింటికమ్మా?" అన్నారు.

"కింద గేటు కాడ రాసిపెట్టిన కద సార్. మీరు సుత వస్తరా? వస్తే ఫీజు కట్టాలె."

ఆయన గోడకు ఆనుకుని చాలాసేపు నవ్వారు. మర్నాడు పైన కుర్చీలు చాలకపోతే మా హాల్లోని టేకు కుర్చీలు నేనే పంపించాను.

తర్వాత ఒక్కో కోర్సూ ఒక్కొక్కరికి అప్పగించారు. అప్పగించాక ఆ గది గుమ్మం దగ్గర నిలబడటం కూడా మానేశారు. గొంతు కుదుటపడింది. బ్యాచ్‌లు పెరిగాయి, గదులు చాల్లేదు. రెండేళ్లు తిరక్కుండానే మొదటి అంతస్తూ, రెండో అంతస్తూ ఆయనకే అమ్మేశాం.